లోపల మనిషి లేని ఆర్‌టూ

1977 నాటి స్టార్ వార్స్ సినిమాలో కనిపించే ఆర్‌టూ-డీటూ అనే రోబో ఒక్క యంత్రం కాదు. రెండు కాళ్ళ మీద నిలబడి అటూ ఇటూ ఊగే ఆర్‌టూ లోపల 112 సెంటీమీటర్ల ఎత్తున్న నటుడు కెన్నీ బేకర్ కూర్చున్నాడు. మూడు కాళ్ళ మీద దొర్లుకుంటూ పోయేది ఇంకో బొమ్మ, దానికి రేడియో కంట్రోల్. అది కూడా కదలని చోట తీగ కట్టి లాగారు. 1976లో ట్యునీసియా ఎడారిలో షూటింగ్ జరిగినప్పుడు ఆ యంత్రాలు మొరాయించిన సంగతి అందులో పనిచేసినవాళ్ళే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఈ మూడు రకాల షాట్లనీ ఎడిటింగ్‌లో అతికించి, ప్రపంచమంతా ప్రేమించిన ఒక్క రోబోను చేశారు.

ఇంట్లో నిలువెత్తు ఆర్‌టూను కట్టాలనుకునేవాళ్ళు ముందుగా జీర్ణించుకోవాల్సిన సంగతి ఇదే. సినిమా ఆర్‌టూ ఒక షాట్ పూర్తయ్యేదాకా పనిచేస్తే చాలు. మీది అలా కాదు. సైన్స్ ఫెయిర్‌లోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, పిల్లలు తల పట్టుకుని లాగుతుంటే నాలుగు గంటలు తిరగాలి. కట్ చెప్పేవాళ్ళు ఉండరు, లోపల మనిషీ ఉండడు. అందుకే ‘సినిమాలో ఉన్నట్టే’ అన్న నియమాన్ని పైతొడుగు దగ్గరే ఆపేయాలి. తొడుగు కిందికి వచ్చాక సినిమాను మర్చిపోయి, బరువులు మోసే బండిని తయారుచేస్తున్నట్టు ఆలోచించాలి.

దీనికి ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. 1999లో మొదలైన ఆర్‌టూ బిల్డర్స్ క్లబ్ సభ్యులు దశాబ్దాలుగా కొలతలు తీసి, డ్రాయింగులు గీసి, ఏ ప్యానెల్ అంచు ఎంత వంపు తిరగాలో మిల్లీమీటర్లలో తేల్చారు. ఆ శ్రమ లేకపోతే ఈ వ్యాసానికీ పని లేదు. కానీ కచ్చితత్వం అన్నప్పుడు దేనికి కచ్చితం అని అడగాలి కదా. ఒకే సినిమాలో వాడిన బొమ్మల మధ్యే తేడాలున్నాయి. అంతరిక్షంలో ఎగిరే సన్నివేశాలను, తర్వాత నీలం తీసేసి వేరే దృశ్యం అతికించేందుకు, నీలి తెర ముందు తీయడం వల్ల ఆర్‌టూ నీలి ప్యానెళ్ళు కూడా తెరతో పాటు మాయమై, 1977 ప్రింట్లలో నల్లగా కనిపించాయి. ఆ లెక్కన నల్ల ప్యానెళ్ళ ఆర్‌టూ కూడా ‘సినిమాలో ఉన్నట్టే’. ఏ సినిమాలోని ఏ ఆర్‌టూ అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే, తర్వాత నెలల తరబడి సాగే సందేహాలు సగం తగ్గుతాయి.

ఇంకో సంగతి కూడా చూడండి. 2013లో జర్మనీలోని ఎస్సెన్‌లో జరిగిన స్టార్ వార్స్ వేడుకలో ఈ క్లబ్ వాళ్ళ రోబోలు నిర్మాత కేథలీన్ కెనడీ కంట పడ్డాయి. ఆ పరిచయంతోనే లీ టవర్సీ, ఆలివర్ స్టీపుల్స్ అనే ఇద్దరు ఇంటి బిల్డర్లకు 2015 సినిమా కోసం ఆర్‌టూను తయారుచేసే పని దొరికింది. అందంలో స్టూడియోను మించినందుకు వచ్చిన పిలుపు అనుకుంటే సగమే అర్థమైనట్టు. క్లబ్ రోబోలు వేడుకల్లో రోజంతా జనం మధ్య తిరుగుతాయి. స్టూడియో బొమ్మకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇక పనిలోకి దిగుదాం.

అందరూ తలతో మొదలుపెడతారు, తప్పంతా అక్కడే. తల ముద్దుగా ఉంటుంది, లైట్లు వెలుగుతాయి, ఫొటో పెడితే మెచ్చుకుంటారు. ఆరు నెలలకు తల పూర్తవుతుంది, దానికి సరిపడా మెప్పూ దొరుకుతుంది. కాళ్ళ పని వచ్చేసరికి ఉత్సాహం అయిపోతుంది. అలా షోకేసులో తల ఒక్కటే మిగిలిన ఆర్‌టూలు ఎన్నో. కాళ్ళతో మొదలుపెడితే మొదటి రెండు నెలలూ చూపించుకోవడానికి ఏమీ ఉండదు. కానీ ఆ తర్వాత ఆగిపోవడానికి కారణమూ ఉండదు.

పరిమాణం చూద్దాం. ఎత్తు దాదాపు 109 సెంటీమీటర్లు. ఒళ్ళు వ్యాసం 46 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే 18 అంగుళాల పావు. కాళ్ళతో కలిపి వెడల్పు రెండున్నర అడుగుల చుట్టుపక్కల వస్తుంది. పని చేసే గది తలుపును ఇప్పుడే కొలవండి, కాళ్ళు విప్పితే తప్ప బయటికి రాని రోబో ఏడాదికి రెండుసార్లకు మించి బయటికి రాదు. మూడు కాళ్ళ నిలకడలో ఒళ్ళు 18 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, మధ్య కాలు ముందుకు వస్తుంది. ఒళ్ళు బరువంతా రెండు భుజాల దగ్గరే వేలాడుతుంది. పైతొడుగు ప్రింటు చేసి లోపల చెక్క, లోహం వాడితే మొత్తం 35 నుంచి 45 కిలోలు తూగుతుంది. పూర్తిగా అల్యూమినియంతో చేస్తే 80 దాటొచ్చు. ఇక్కడి లెక్కలన్నీ 45 కిలోల మీద వేసినవి.

కాళ్ళను త్రీడీ ప్రింటుతోనే సరిపెట్టకండి. ప్రింటు చేసిన కాలు మొదటి రోజు నిలబడుతుంది, రెండో నెలలోనూ నిలబడుతుంది, ఆ తర్వాత బరువుకు మెల్లగా వంగుతుంది. ప్లాస్టిక్ గుణమే అంత. విరగదు, సాగుతుంది. పొరలకు అడ్డంగా లాగుడు పడే చోట, ముఖ్యంగా భుజం బోల్టుల చుట్టూ, పొర నుంచి పొర విడిపోతుంది. లోపల 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలకలు రెండు జిగురుతో అతికించి ఎముకలా పెట్టండి. ఐఎస్ 710 ముద్ర ఉన్నదైతే వానాకాలంలో ఉబ్బదు. ప్రింటు తొడుగు దాని మీద చొక్కాలాగా ఉంటే చాలు. భుజం దగ్గర ఇరుసుగా 25 మిల్లీమీటర్ల పైపుకు లేత్ షాపులో ఫ్లాంజ్ వేయించి, ఒక్కో కాలికి కనీసం మూడు బోల్టులు పెట్టించండి. ఒక్క బోల్టుతో బిగిస్తే ఎంత బిగించినా మోటారు లాగినప్పుడల్లా కాలు కొద్దికొద్దిగా తిరుగుతుంది. వారానికోసారి 18 డిగ్రీలను మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కానీ, విజయవాడ ఆటోనగర్‌లో కానీ ఈ లేత్ పని చేసేవాళ్ళకు రోబో సంగతి చెప్పక్కర్లేదు, ‘బండి ఇరుసు’ అంటే చాలు.

మోటార్ల లెక్క నోటి లెక్కే. వీల్‌చైర్ల కోసం కట్టే వాలు ఒకటికి పన్నెండు. 45 కిలోల రోబోను దాని మీద ఎక్కించాలంటే 45ను 12తో భాగిస్తే మూడు ముప్పావు కిలోల తోపు కావాలి. తివాచీ మీద చక్రం దొర్లడానికి బరువులో ఐదు శాతం, అంటే రెండుంపావు కిలోలు. మొత్తం ఆరు కిలోలు. 10 సెంటీమీటర్ల చక్రమైతే వ్యాసార్ధం 5, కాబట్టి 30 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. రెండు మోటార్లకు పంచితే ఒక్కోదానికి 15. తిరిగేటప్పుడు పడే ఒరిపిడికీ, గచ్చు ఎగుడుదిగుళ్ళకూ కలిపి దాన్ని రెట్టింపు చేయండి, ఒక్కో మోటారుకు 30. సెకనుకు ఒక మీటరు వేగానికి చక్రం నిమిషానికి 190 చుట్లు తిరగాలి.

ఇక్కడ చాలామంది మోసపోయేది ఒకే చోట. కిట్లలో దొరికే 12 వోల్టుల గేరు మోటారు మీద ‘30 కిలో-సెంటీమీటర్లు’ అని రాసి ఉంటుంది. అది మోటారు తిరగకుండా ఆగిపోయే స్థితిలో ఇచ్చే టార్క్. రోజంతా ఇవ్వగలిగేది అందులో మూడో వంతో నాలుగో వంతో. నాపరాయి గచ్చు మీద అది బాగానే పోతుంది, వాలు మీద పది నిమిషాల్లో వేడెక్కి వాసన వస్తుంది. ఎలక్ట్రిక్ సైకిళ్ళకు వాడే 24 వోల్టుల, 250 వాట్ల, గేరుపెట్టె ఉన్న ఎంవై 1016జడ్ రకం మోటార్లు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. కావాల్సినదానికంటే బలమైనవే, అయినా చల్లగా పనిచేస్తాయి. చిక్కల్లా వాటి లావుతోనే. పాదం తొడుగు లోపలి కొలత చూడకుండా కొనకండి. ఆర్‌టూ పాదాల పక్కన బ్యాటరీ పెట్టెల్లా కనిపించే డబ్బాలుంటాయి చూశారా, వాటిని ఖాళీగా వదలకుండా మోటారు తోకను అందులోకి పంపడమే చాలామంది బిల్డర్ల ఉపాయం.

మధ్య పాదం గురించి ఎవరూ పట్టించుకోరు కానీ రోబో పరువు తీసేది అదే. అందులో ఆఫీసు కుర్చీల కింద ఉండే లాంటి 50 మిల్లీమీటర్ల క్యాస్టర్ చక్రం పెడతారు. ముందుకు పోతున్నప్పుడు సమస్య లేదు. వెనక్కి తిప్పగానే చక్రం తన కుదురు చుట్టూ సగం చుట్టు తిరగాలి. కుదురుకూ ఇరుసుకూ మధ్య దూరం 25, చక్రం వ్యాసార్ధం 25, కలిపితే 50, కాబట్టి 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వలయం ఖాళీ కావాలి. తొడుగులో అంత చోటు లేకపోతే చక్రం గోడకు తగిలి ఇరుక్కుంటుంది, రోబో పక్కకు ఒక్క కుదుపు కుదుపుతుంది. జనం ఎక్కువగా ఉన్నచోట ఆ కుదుపు ఎవరి కాలి మీదికో పోతుంది. అంచున అడ్డంగా దొర్లే రోలర్లుండే చిన్న ఆమ్నీ చక్రాలు రెండు పక్కపక్కన పెడితే తిరగాల్సిన పనే ఉండదు. కాస్త చప్పుడు వస్తుంది, భరించొచ్చు.

తొడుగు అంచుకూ నేలకూ మధ్య ఎంత ఎడం ఉండాలన్నది పెద్ద తగవు. తెర మీద పాదాలు నేలను ఆనుకున్నట్టే ఉంటాయి. మన ఇళ్ళలో గడపలుంటాయి, స్లైడింగ్ తలుపుల పట్టాలుంటాయి, హాళ్ళలో కేబుళ్ళ మీద వేసిన ప్లాస్టిక్ గట్లుంటాయి. 5 మిల్లీమీటర్ల ఎడం పెట్టి వాటి మీద తొడుగు పగలగొట్టుకోవడం కంటే 12 పెట్టి, తలుపుల కింద దోమలు రాకుండా అంటించే నల్ల బ్రష్ పట్టీని లోపలి వైపు అంటించండి. మూడడుగుల దూరం నుంచి తేడా తెలియదు. గడప మాత్రం ఎలాగూ ఎక్కదు, రెండు చెక్క వాలు పలకలు వెంట తీసుకెళ్ళాల్సిందే.

ఈ కాళ్ళు, మోటార్లు తయారయ్యాక పైన ఒళ్ళు పెట్టకండి. ఉత్త ప్లైవుడ్ పెట్టె బిగించి, దాంట్లో 25 కిలోల బియ్యం బస్తా ఒకటి పెట్టి నెల రోజులు తిప్పండి. బస్తా కింద ఉన్నప్పుడు ఒకసారి, పెట్టె పైభాగానికి ఎత్తి కట్టి ఇంకోసారి. రెండో పరీక్షలో సడన్‌గా ముందుకు దూకిస్తే వెనక్కి ఒరగడం కనిపిస్తుంది. అప్పుడే అర్థమవుతుంది, బ్యాటరీని ఒంటి అడుగున పెట్టమని ఎందుకు చెబుతారో. ప్రోగ్రాములో సున్నా నుంచి పూర్తి వేగానికి కనీసం ఒక సెకను పట్టేలా చేయండి, ఆగేటప్పుడు కూడా అంతే. సెకనుకు మీటరు అన్నది మోటారు సత్తా. జనంలో తిప్పేటప్పుడు దాన్ని సగానికి తగ్గించి ఉంచండి.

కరెంటు పని దగ్గర పొదుపు చేయొద్దు, ఇది సలహా కాదు, షరతు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఎనిమిది వరుసగా కలిపితే 25.6 వోల్టులు, 20 ఆంపియర్-గంటలవైతే 512 వాట్-గంటలు. లైట్లు, చప్పుళ్ళు, ఆగుతూ సాగే నడక, అన్నీ కలిపి సగటున 80 వాట్లు అనుకున్నా ఆరు గంటలు వస్తుంది. బ్యాటరీ ప్లస్ కొస నుంచి ఒక్క జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. దాని తర్వాత పుట్టగొడుగు ఆకారపు ఎర్ర స్టాప్ బటన్, అది వెనక ప్యానెల్ తోస్తే చేతికి అందేలా. ఇంకొకటి, పూర్తిగా ఛార్జ్ అయిన ఈ బ్యాటరీ 29.2 వోల్టులకు చేరుతుంది. చిన్నగా, చవకగా దొరికే ఎంపీ1584 బక్ కన్వర్టరు (వోల్టేజి తగ్గించే బోర్డు) తట్టుకునే గరిష్ఠం 28. పండక్కని రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పొద్దున స్విచ్ వేస్తే అది పోవచ్చు, పోతూ పోతూ దాని కింద ఉన్న బోర్డులను కూడా తీసుకుపోతుంది. 36 వోల్టులకు పైన తట్టుకునేదే కొనండి.

మోటార్లకు కరెంటును కొలిచి పంపే బోర్డు, అంటే మోటారు డ్రైవరుగా, ఆర్‌టూ బిల్డర్లలో చాలామంది వాడేది సేబర్‌టూత్ 2×32. ఒక్కో మోటారుకు నిలకడగా 32 ఆంపియర్లు ఇస్తుంది, తన సత్తాకు తగ్గ ధర ఉంటుంది. సైట్రాన్ 30 ఆంపియర్ల జంట డ్రైవరు కూడా సరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే బీటీఎస్7960 బోర్డు మీద 43 ఆంపియర్లని ఉంటుంది కానీ, అది చిప్పు హద్దు, దాని వెనక ఉన్న వేలెడంత హీట్‌సింకుది కాదు. ఇంకో మాట, బల్ల మీద పరీక్షించేటప్పుడు కూడా బ్యాటరీతోనే పరీక్షించండి. మోటారు వేగం తగ్గినప్పుడు అదే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. బ్యాటరీ దాన్ని మింగేస్తుంది, గోడ కరెంటుతో నడిచే బెంచ్ పవర్ సప్లై మింగలేదు. వోల్టేజి ఎగిరి డ్రైవరు ఆగిపోతే, తప్పు ప్రోగ్రాములో ఉందని రెండు రోజులు వెతుకుతారు.

రిమోట్ సిగ్నల్ పోతే రోబో ఏం చేయాలి? ఆగాలి. జవాబు అందరికీ తెలుసు, పరీక్షించేవాళ్ళు తక్కువ. వందల ఫోన్లున్న హాల్లో 2.4 గిగాహెర్ట్జ్ అంతా కిక్కిరిసి ఉంటుంది, బ్లూటూత్ గేమ్ కంట్రోలరు ఇంట్లో పనిచేసినంత నమ్మకంగా అక్కడ పనిచేయదు. విమానాల హాబీవాళ్ళు వాడే ఫ్లైస్కై లాంటి రేడియో సెట్టు కొంచెం మొరటుగా ఉన్నా మేలు. అందులో ఫెయిల్‌సేఫ్ అనే అమరిక ఉంటుంది. దాన్ని మీరే మెనూలోకి వెళ్ళి ‘నడక సున్నా’ అని పెట్టాలి. పెట్టాక చక్రాలు నేలకు తగలకుండా రోబోను స్టూలు మీద ఎత్తి, పూర్తి వేగంలో ఉండగా రిమోట్ స్విచ్ కట్టేయండి. చక్రాలు వాటంతటవే ఆగాలి. ప్రతి ప్రదర్శనకూ ముందు ఈ పరీక్ష చేయనివాళ్ళు పిల్లల మధ్యకు రోబోను తీసుకుపోకూడదు.

ఇప్పుడు ఒళ్ళు. త్రీడీ ప్రింటుకు పది పన్నెండు కిలోల ఫిలమెంటుకు (ప్రింటరు కరిగించే ప్లాస్టిక్ తీగ) తక్కువ పట్టదు. మామూలు యంత్రం గంటకు 25 గ్రాములు పోస్తుందనుకుంటే 12 కిలోలకు 480 గంటలు, అంటే ఆగకుండా 20 రోజులు. కరెంటు పోతే మధ్యలో చెడిపోయేవి వేరు. ప్లాస్టిక్ కారే నాజిల్‌ను 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్లకు మారిస్తే టైము బాగా తగ్గుతుంది, పొరలు కూడా గట్టిగా పట్టుకుంటాయి, రుద్దే పని మాత్రం కొంచెం పెరుగుతుంది. ఫిలమెంటు ఎంపిక మన ఎండలను బట్టి చేయాలి. పీఎల్ఏ రకం ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి రావడం విశేషం కాదు. యూరప్ బిల్డరు ‘పీఎల్ఏ చాలు’ అంటే అది ఆయన వాతావరణానికి నిజం. రామగుండంలోనో, రెంటచింతలలోనో ఉన్నవాళ్ళు బయట తిప్పే భాగాలకు 80 డిగ్రీల దాకా ఆగే పీఈటీజీ, ముదురు రంగు వేసే ముక్కలకు వీలైతే 100 దాకా ఆగే ఏఎస్ఏ వాడాలి.

ప్రింటర్ లేనివాళ్ళు నిరాశపడక్కర్లేదు. ఒళ్ళు గొట్టమే కదా. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చట్రాలు నాలుగైదు సీఎన్‌సీ షాపులో కోయించి, ఫ్లెక్సు బోర్డులవాళ్ళు వాడే పీవీసీ షీటును చుట్టూ చుట్టొచ్చు. తొడుగు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర గోడ, పైపొర ప్యానెళ్ళ అంచులను చూపించే కిటికీల చట్రం. రెండింటినీ ఒకే పొడవుకు కోయించారా, పని చెడినట్టే. 2 మిల్లీమీటర్ల షీటైతే పైపొర వ్యాసార్ధం 2 మిల్లీమీటర్లు ఎక్కువ, చుట్టుకొలత దానికి 2π రెట్లు, అంటే పన్నెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. దాదాపు 146 సెంటీమీటర్ల చుట్టులో పన్నెండున్నర మిల్లీమీటర్లు ఎంతలే అనుకుంటే, ముందు సరిగ్గా కూర్చున్న కిటికీలు వెనక్కి పోయేసరికి వేలెడు పక్కకు జరిగి ఉంటాయి. డ్రాయింగులోనే పైపొరను ఆ నిష్పత్తిలో సాగదీసి కోయించాలి.

ప్యానెళ్ళు తెరుచుకునేలా పెట్టాలన్న మోజు అందరికీ ఉంటుంది. ముందు ఒక్క ప్యానెల్ తెరవండి, అది లోపలి మరమ్మతులకు. వెనక వైపు తొడుగు పూర్తిగా ఊడి, బ్యాటరీ పది నిమిషాల్లో బయటికి వచ్చేలా ఉంటే, సర్వోలతో (చెప్పినంత కోణమే తిరిగే చిన్న మోటార్లతో) తెరుచుకునే ముద్దు తలుపుల గురించి తర్వాత ఆలోచించవచ్చు.

తలకు వద్దాం. అల్యూమినియంను లేత్ మీద తిప్పుతూ నొక్కి గిన్నెలా చేసే పనివాళ్ళు మన దగ్గర లేకపోలేదు, పెద్ద వంటపాత్రలు అలాగే తయారవుతాయి. కానీ 46 సెంటీమీటర్ల వ్యాసానికి సరైన వంపులో అచ్చు చేయించడం ఒక్క తల కోసం గిట్టదు. ప్రింటు తలే మేలు. దాన్ని తిప్పడానికి రెండు పద్ధతులు. ఒకటి, లోపలి అంచుకు పళ్ళ చక్రం బిగించి గేరుతో తిప్పడం. రెండోది, రబ్బరు చక్రాన్ని స్ప్రింగుతో అంచుకు ఒత్తి ఒరిపిడితో తిప్పడం. మొదటిది కచ్చితం, తల ఎటు చూస్తోందో ప్రోగ్రాముకు తెలుస్తుంది. అయినా రెండోదే సరైనది. పిల్లలు తలను గట్టిగా పట్టుకుంటారు. రబ్బరు చక్రమైతే జారుతుంది, పళ్ళయితే ఏదో ఒకటి విరుగుతుంది, వేలు ఇరుక్కుంటే ఇంకా ఘోరం. స్థానం తెలియాలంటే అంచున ఒక చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సరు పెట్టుకుంటే చుట్టుకోసారి సరిచేసుకుంటుంది. ఒక హెచ్చరిక: కారు వైపరు మోటారు చవక అని దాన్ని నేరుగా ఇరుసుకు బిగిస్తే, దానిలోని వార్మ్ గేరు వెనక్కి తిరగదు. తలను చేత్తో తిప్పినవాళ్ళు మోటారుతో కుస్తీ పట్టినట్టే.

తల తిరుగుతుంది కాబట్టి తీగలు మెలిపడకుండా మధ్యలో స్లిప్ రింగ్, అంటే తిరుగుతూనే కరెంటు అందించే జాయింటు, కావాలి. మామూలుగా దొరికేది 12 తీగలది, తీగకు 2 ఆంపియర్లు. అందరూ చేసే పొరపాటు 5 వోల్టులను ఒంట్లోనే తయారుచేసి పైకి పంపడం. తలలో లైట్లకు, సర్వోలకు కలిపి 30 వాట్లు కావాలంటే 5 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు, 24 వోల్టుల దగ్గర ఒకటింపావు. కాబట్టి బ్యాటరీ వోల్టేజినే పైకి పంపి, తలలో దాన్ని తగ్గించుకోండి. ప్లస్‌కు మూడు తీగలు, మైనస్‌కు మూడు, మిగిలిన ఆరు సంకేతాలకు. ఆ సంకేతాలకు చిప్పుల మధ్య వాడే ఐటూసీ పద్ధతి వాడకండి, తిరిగే బ్రష్షుల విద్యుత్ అలజడికి అది బిగుసుకుపోయి తల లైట్లన్నీ ఆరిపోతాయి. నిమ్మళంగా, సెకనుకు 9600 బిట్లతో నడిచే సీరియల్ సంకేతం చాలు. లేదా వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డులు రెండు పెట్టి తీగ లేకుండానే మాట్లాడించవచ్చు.

సర్వోల విషయంలో ఒక్క ముక్క. ఎంజీ996ఆర్ రకం సర్వో ఇరుక్కుపోతే రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. తల మీది పది తలుపులూ ఒకేసారి తెరిస్తే 25 ఆంపియర్లు కావచ్చు, వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, తలుపులన్నీ మళ్ళీ కొట్టుకుంటాయి. సెకనులో పదో వంతు తేడాతో ఒకదాని వెనక ఒకటి తెరిపించండి, చూడటానికీ అదే బాగుంటుంది. స్విచ్ వేయగానే సర్వోలు ఒక్కసారి ఎగిరిపడకుండా వాటిని నడిపే పీసీఏ9685 బోర్డు మీది ఓఈ పిన్నును ప్రోగ్రాము మొదలయ్యేదాకా హై స్థితిలో (వోల్టేజి ఇచ్చి) ఉంచాలి.

లైట్ల గురించి ఇంటర్నెట్‌లో కావాల్సినదానికంటే ఎక్కువే ఉంది. ముందు రెండు, వెనక ఒకటి లాజిక్ పలకలు, ముందొకటి వెనకొకటి గుండ్రటి దీపాలు. డబ్ల్యూఎస్2812 ఎల్ఈడీ ఒక్కటి పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది కాబట్టి వెలుతురును 15 శాతం దగ్గర ఆపండి. అంతకు మించితే ఫొటోల్లో తెల్ల మచ్చలే పడతాయి. చప్పుళ్ళ సంగతి: ఆర్‌టూ భాషను బెన్ బర్ట్ ఏఆర్‌పీ 2600 సింథసైజరుతో తన నోటి కూతలను కలిపి తయారుచేశాడు. వాటిని వినిపించడానికి మెమరీ కార్డులోని శబ్దాలను ఆడించే డీఎఫ్ ప్లేయర్ బోర్డు చాలు. కార్డులోని ఫైళ్ళకు 01 అనే ఫోల్డరు, 001, 002 అనే పేర్లు పెట్టకపోతే అది కాపీ చేసిన వరుసలో ఆడుతుంది, సంతోషపు కూత నొక్కితే ఏడుపు వినిపిస్తుంది.

రంగు. పుట్టీ, ప్రైమరు, 240, 400 నంబరు వాటర్ పేపరు, ఇవి ఏ కారు పెయింటరైనా చెబుతాడు. ఆయన చెప్పలేనిది ఆ నీలం. సినిమాలోని నీలం ఒక్కో షాట్‌లో ఊదాగా, ఒక్కోచోట దాదాపు నల్లగా కనిపిస్తుంది. అల్యూమినియం మీద పారదర్శకంగా ఉండే నీలి పూత వేయడం వల్లే అన్నది బిల్డర్లలో బలంగా ఉన్న అభిప్రాయం. మామూలు నీలి డ్యూకో వేస్తే బొమ్మ ఆటవస్తువులా ఉంటుంది. ముందు సిల్వర్ వేసి, ఆరాక దాని మీద పలచటి పారదర్శక నీలం రెండు మూడు చేతులు వేయాలి. తల మీది వెండి రంగుకు క్రోమ్ స్ప్రే వాడకండి. వేసినప్పుడు అద్దంలా ఉంటుంది, పైన క్లియర్ కోటు పడగానే బూడిద రంగుకు దిగిపోతుంది. క్లియర్ వేయకపోతే వేలిముద్రలకు పోతుంది. సాటిన్ సిల్వరే నమ్మకం. కోస్తాలో ఉన్నవాళ్ళు వానాకాలంలో లాకరు కొట్టకండి, గాలిలో తేమకు పైపొర పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

హక్కుల గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. 2012 నుంచి లూకాస్‌ఫిల్మ్ డిస్నీ చేతిలో ఉంది. క్లబ్ సభ్యులు సొంతానికి చేసుకుని, పిల్లల ఆసుపత్రులకూ ధర్మకార్యాలకూ తీసుకెళ్ళడాన్ని కంపెనీ చాలాకాలంగా చూసీచూడనట్టు, ఒక్కోసారి మెచ్చుకుంటూ వదిలేసింది. ఆ మర్యాద లాభం దగ్గర ఆగిపోతుంది. సంగీత్‌కో, షాపు ప్రారంభానికో రోబోను అద్దెకు తిప్పడం ‘అభిమానం’ కాదు, వ్యాపారం. ఖర్చు రాబట్టుకోవాలన్న ఆశ ఉన్నవాళ్ళు తమ సొంత ఆకారంతో రోబో చేసుకోవడమే మేలు. ఇక్కడ చెప్పిన కాళ్ళు, కరెంటు లెక్కలు దానికీ సరిగ్గా సరిపోతాయి.

చివరికి మిగిలేది ఆ రెండు కాళ్ళ నిలకడ. మూడో కాలు లోపలికి ముడుచుకుని, ఒళ్ళు నిటారుగా లేచి నిలబడే యంత్రాంగాన్ని బిల్డర్లు రెండు-మూడు-రెండు అంటారు. అది చేయగలిగినవాళ్ళున్నారు. చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. అయినా మొదటి రోబోకు దాని జోలికి పోవద్దు. మధ్య కాలు తాళం పడకముందే భుజం తాళం వదిలితే 45 కిలోలు ముందుకు పడతాయి, ముందు ఎప్పుడూ పిల్లలే ఉంటారు. పైగా రెండు కాళ్ళ మీద ఆర్‌టూను బతికించింది యంత్రాంగం కాదు, లోపల ఉన్న బేకర్ అటూ ఇటూ కదిలితే వచ్చిన ఆ ఊపు. దాన్ని మోటారుతో తెప్పించబోతే బట్టలు ఉతికే మిషన్ వణికినట్టు ఉంటుంది. ఆ నటనను తలకు అప్పగించండి. ఆగి ఉన్నప్పుడు తల 20, 30 డిగ్రీలు మాత్రమే తిరగాలి, ఠక్కున మొదలై మెల్లగా ఆగాలి. తిరుగుడుకూ తిరుగుడుకూ మధ్య మూడు నుంచి ఎనిమిది సెకన్లు, ప్రతిసారీ వేరుగా. కూత ముందు, తల కదలిక పావు సెకను తర్వాత. ఆ వరుస తిరగబడితే లోపల టేప్ రికార్డరు పెట్టిన డబ్బాలా కనిపిస్తుంది.